వెడల్పు

రాత్రి రెండూ పదికి
ఊదారంగు మూతతో ఒక గొట్టం వచ్చింది.
లేబుల్ మీద పేరు సగం చెమటకి చెదిరింది:
చెంగల్రాయులు, యాభై ఎనిమిది, పెనుమూరు.
ఎనిమిది సార్లు మెల్లిగా తిరగేశాను
నిద్రపోయే బిడ్డను పక్క మార్చినట్టు.
కుదిపితే కణం పగులుతుంది,
పగిలితే లెక్క అబద్ధమవుతుంది.

గుండె సంగతి అప్పటికే తేలిపోయింది
పై అంతస్తులో, గళ్ళ కాగితం మీద గీత పడగెత్తి.
నా దగ్గరికొచ్చింది ఆ తర్వాతి ప్రశ్న:
ఇంటికి పోతాడా,
పోతే ఎన్నాళ్ళుంటాడు?

మిషన్ ఒక్కో కణాన్నీ ఇరుకు సందులోంచి పంపుతుంది.
క్యూలో భక్తుల్లా అనబోయాను.
తిరుపతిలో ఏ వరుస చూసినా అదే పోలిక,
వదిలేస్తున్నా.

తెల్లకణాలు పద్నాలుగు వేలు.
న్యూట్రోఫిల్స్ ఎనభై నాలుగు, లింఫోసైట్స్ తొమ్మిది:
నిప్పంటుకున్న చోటికి పరిగెత్తేవాళ్ళు ఎక్కువ,
నిలబడి ఆలోచించేవాళ్ళు తక్కువ.
ప్లేట్‌లెట్లు లావుగా, హడావుడిగా పుట్టినట్టు.
ఆ కింద గడిలో ఆర్.డి.డబ్ల్యు,
పదహారు పాయింట్ ఎనిమిది.

ఎర్రకణాల సైజులో హెచ్చుతగ్గుల వెడల్పు అది.
అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే మజ్జ నిమ్మళంగా ఉన్నట్టు.
చిన్నవీ పెద్దవీ కలిసి దిగితే
లోపల ఎన్నాళ్ళనుంచో ఏదో హైరానా.
గుండె నిన్న పట్టేసింది గానీ
నెత్తురు ఎప్పట్నుంచో చెబుతూనే ఉండి ఉంటుంది,
అడిగినవాళ్ళు లేరు.

పీజీ డాక్టర్ హేమసుందరం థీసిస్ ఈ ఒక్క అంకె మీదే.
అట్టలూడిన పొడుగు నోటుబుక్కులో రెండొందల పద్నాలుగు పేర్లు,
పద్నాలుగున్నర దాటితే పక్కన ఎర్రచుక్క.
"చవకైన అంకె షంషాదక్కా, ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది"
అంటాడు, నిలబడే నిద్రపోతూ.

పొద్దున రెండో శాంపిల్‌కి నేనే పోయాను.
ముప్పై ఏళ్ళు పాలకేంద్రంలో వెన్న శాతం చూసిన మనిషంట,
గరిటె ఎత్తి పోస్తేనే నీళ్ళెన్నో చెప్పేవాడంట.
సూది దిగుతుంటే నా మొహమే చూస్తూ అడిగాడు:
"ఎంతొచ్చె మా? రేటు పడతాదా?"
డాక్టర్ చెబుతారన్నాను.
"నేనూ అట్నే అంటా ఉంటి, మిషన్ చెప్తాదిలే అని."
కాసేపాగి, ఊపిరి కూడదీసుకుని:
"ఆవు ఈనిన వారం మాత్రం
మిషన్‌ను నమ్మకూడదు మా. జున్నుపాలు."

మూడో నెల ఫోన్లు నేనే చేశాను,
డాక్టర్‌కి పరీక్షలు.
ఎర్రచుక్కలు అరవై ఒకటి;
పదకొండు ఇళ్ళలో వేరే గొంతు ఎత్తింది.
ఆయన లేడండీ అంటే
బయటికెళ్ళారా అని అడిగేశాను ఒకచోట.
ఆవిడ చాలాసేపు ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.
చుక్క లేని నూట యాభై మూడులో నలుగురు.
కాబట్టి అంకె నిజమే చెబుతోంది,
గుంపుకి.
ఒక్కడి మంచం దగ్గర మాత్రం నోరు విప్పదు.

పెనుమూరు నంబరు ఆఖరికి ఉంచుకున్నాను.
మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి
వెనక క్యాన్ల చప్పుడు, ఎవరివో పేర్లు పిలుస్తున్నారు,
"ఉండు మా, లారీ వచ్చేసింది" అని పెట్టేశారు.
ఆ గొంతు ఆయనదో కాదో
నోటుబుక్కులో రాయడానికి గడి లేదు.

నిన్న మిషన్ సర్వీసు చేసిన కుర్రాడు
చూసుకోడానికి ఎవరిదైనా ఒక శాంపిల్ కావాలన్నాడు.
నా చెయ్యి చాపాను.
హిమోగ్లోబిన్ తొమ్మిది,
వెడల్పు పదిహేను పాయింట్ ఆరు.
"కరెక్టుగా ఉంది మేడమ్" అన్నాడు,
మిషన్ గురించి.
కాగితం నాలుగు మడతలు పెట్టి
టిఫిన్ సంచిలో నిమ్మకాయన్నం కింద దోపాను.
కిటికీలో కొండదారి దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.
ఎర్రపెన్ను
నా జేబులోనే ఉండిపోయింది.